రాత్రికి రాత్రి పుట్టిన అప్పు

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పే అలవాటు లేదు. నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు అంటాం. రెండు రూపాయలైతే న్యాయమేననీ, మూడైతే కాస్త ఎక్కువేననీ, అయిదైతే మన అవసరం అలాంటిదనీ సర్దుకుంటాం. ఆ రూపాయి నెలకే అన్న సంగతి అందరికీ తెలుసు. అయినా నోటితో అనేటప్పుడు అది చిల్లర సొమ్ములాగే వినిపిస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడంటే 36, అయిదంటే 60, పదంటే 120. సంతలో కిలో వంకాయల మీద రెండు రూపాయలు తగ్గించమని పావుగంట బేరమాడే మనిషే, ఇంట్లో ఒకరికి గుండెనొప్పి వచ్చిన రాత్రి ఏడాదికి 60 శాతం వడ్డీకి మారుమాట్లాడకుండా తల ఊపుతాడు. లెక్క రాక ఊపడు. లెక్క వేసుకునేంత వ్యవధి ఆ రాత్రి అతనికి ఉండదు.

విత్తనాలకు చేసే అప్పు, పెళ్లికి చేసే అప్పు, ఇంటి స్లాబుకు చేసే అప్పు వేరు. వాటికి నెలో రెండు నెలలో ముందుచూపు ఉంటుంది, నలుగురిని అడిగి చూసే తీరిక ఉంటుంది. పొద్దుగూకాక ప్రమాదం జరిగి, తెల్లారేలోగా ముప్పై నలభై వేలు కట్టాల్సి వచ్చినప్పుడు పుట్టే అప్పుకు ఆ తీరిక ఉండదు. దాని ధరను గడియారం నిర్ణయిస్తుంది. అప్పిచ్చేవాడు ఆ కొన్ని గంటలనే అమ్ముతున్నాడు, మనం వాటినే కొంటున్నాం. నెలకు పన్నెండు, పదిహేను వేల మీద నడిచే కుటుంబానికి ఇంతకు మించిన ప్రమాదకరమైన కొనుగోలు మరొకటి ఉండదని హెచ్చరించడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ఈ హెచ్చరిక మన రెండు రాష్ట్రాలకు మరింత అవసరం. 2019లో జాతీయ నమూనా సర్వే రైతు కుటుంబాల అప్పులను లెక్కించినప్పుడు దేశం మొత్తం మీద సగం కుటుంబాలు అప్పుల్లో ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో రైతు కుటుంబం మీద సగటు అప్పు రెండున్నర లక్షలకు దగ్గరగా తేలింది. దేశ సగటు 75 వేల లోపే. ఈ అంకెల్లో పంటరుణాలున్నాయి, బ్యాంకు రుణాలున్నాయి, అన్నీ చెడ్డ అప్పులని అనలేం. కానీ అప్పటికే అప్పులో ఉన్న ఇంటికి ఇంకో దెబ్బ తగిలితే ఆనుకునే గోడ ఉండదు. జ్వరమో, బైకు ప్రమాదమో, కడుపులో బిడ్డ అడ్డం తిరగడమో అలాంటి ఇంటి తలుపే తట్టినప్పుడు అప్పిచ్చేవాడు ఎంత చెబితే అంతే అవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. భార్యాభర్తల సంపాదన కలిపి నెలకు 15 వేలు. ఆసుపత్రికి 40 వేలు కావాలి. ఊళ్లో అయిదు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చారు. వడ్డీ ఒక్కటే నెలకు రెండు వేలు. ఇంటి అద్దె, బియ్యం, పిల్లల ఫీజు పోగా ఆ రెండు వేలు కట్టడమే గగనం కాబట్టి అసలు వైపు ఒక్క రూపాయి కూడా వెళ్లదు. ఇరవై నెలలు క్రమం తప్పకుండా కడితే కట్టిన వడ్డీ 40 వేలవుతుంది, అంటే అసలుతో సమానం. నోటు మీద 40 వేలు అలాగే ఉంటాయి. అదే సొమ్ము పొదుపు సంఘంలోనో బ్యాంకు బంగారు రుణంలోనో రూపాయి వడ్డీకి దొరికి ఉంటే నెలకు వడ్డీ 400. మిగిలిన 1,600 అసలుకు జమ వేసుకుంటూ పోతే దాదాపు ఇరవై మూడు నెలల్లో ఆ అప్పు తీరిపోయేది. ఒకే జబ్బు, ఒకే ఆసుపత్రి, ఒకే కుటుంబం. ఆ రాత్రి ఎవరి గడప ఎక్కారన్నదే తేడా.

అయిదు రూపాయల వడ్డీ కనీసం మొహం చూపిస్తుంది. మొహం దాచుకునే వడ్డీలు ఇంకా ఉన్నాయి. డైలీ ఫైనాన్స్ అలాంటిది. తెలంగాణలో చాలాచోట్ల దీన్నే గిరిగిరి అంటారు. పదివేలకు నోటు రాయించుకుంటారు, 1,500 ముందే పట్టుకుంటారు, 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పండ్ల బండి నడిపే ఆమెకు రోజుకు వంద అనేసరికి భారం అనిపించదు. పదిహేను శాతమే కదా అని కూడా అనిపిస్తుంది. కానీ ఆ 8,500 ఆమె దగ్గర వంద రోజులూ ఉండవు. మర్నాటి నుంచే వెనక్కి వెళ్లడం మొదలవుతుంది, యాభయ్యో రోజుకు సగం తిరిగి వెళ్లిపోయి ఉంటుంది. తగ్గుతూ వచ్చిన బాకీ మీద లెక్క కడితే ఏడాదికి వడ్డీ 120 శాతం దాటుతుంది. పది రూపాయల వడ్డీ అని చెబితే భయపడి వెళ్లిపోయే మనిషి, రోజుకు వంద అని చెబితే సంతకం పెడుతుంది. మధ్యలో వాన పడి బండి ఆగిన రోజులకు వేరే జరిమానా.

2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు రాష్ట్రం మొత్తం ఉలిక్కిపడింది. ఫోను చేస్తే ఇంటికే డబ్బు తెచ్చి ఇవ్వడం, ఖాళీ చెక్కులూ ఖాళీ ప్రామిసరీ నోట్లూ ముందే రాయించుకోవడం, వాయిదా తప్పిన ఇళ్ల మీద, మరీ ముఖ్యంగా ఆ ఇళ్ల ఆడవాళ్ల మీద దౌర్జన్యానికి దిగడం గురించి అప్పుడు వచ్చిన ఫిర్యాదులు చదివినవాళ్లు మరిచిపోలేరు. అరెస్టులు జరిగాయి, శాసనసభ దద్దరిల్లింది. ఆ వేడి చల్లారాక కాల్ మనీ అనే మాట పత్రికల్లో తగ్గింది. ఆ పద్ధతి ఊళ్లలో తగ్గిందని చెప్పడానికి మాత్రం మాకు ధైర్యం చాలడం లేదు.

ఆ తర్వాత అప్పిచ్చేవాడు గుమ్మం ఎక్కడం కూడా మానేశాడు. జేబులోకే వచ్చాడు. 2020లో కరోనాతో పనులు పోయిన నెలల్లో అప్పు యాప్‌లు విరుచుకుపడ్డాయి. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ ఉంటే చాలు, పది నిమిషాల్లో డబ్బు. అలాంటి అప్పుల లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది: మంజూరైంది 5,000. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ అంటూ కోత పోగా ఖాతాలో పడేది 3,000. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. వారానికి 66 శాతం, ఏడాదికి సాగదీస్తే మూడు వేల నాలుగు వందల శాతం పైన. చక్రవడ్డీ వ్యాపారి కూడా ఊహించని వడ్డీ ఇది. ఇక్కడ తాకట్టు పెట్టేది ఫోనులోని పేర్లను. యాప్ వేసుకునేటప్పుడు అనుమతి ఇచ్చామా, మన కాంటాక్టులన్నీ వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. వాయిదా రోజు దాటిన మరుగంటకు వియ్యపురాలికి, మేస్త్రీకి, పిల్లల టీచరుకు మెసేజీలు వెళతాయి. మార్చిన ఫొటోలు వెళతాయి. 2020 డిసెంబరులో తెలంగాణలో వరుస ఆత్మహత్యల తర్వాత హైదరాబాద్, గురుగ్రామ్‌లలోని కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. చైనా జాతీయులతో సహా పలువురిని అరెస్టు చేశారు. ఆ మరుసటి నెల రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసిన బృందం 2021 మొదటి రెండు నెలల్లోనే పదకొండు వందల అప్పు యాప్‌లను గుర్తించింది. వాటిలో ఆరు వందలు చట్టవిరుద్ధమైనవి.

ఆ తర్వాత నిబంధనలు వచ్చాయి, మంచివే వచ్చాయి. 2022 సెప్టెంబరు నుంచి అప్పు యాప్‌లు ఫోనులోని కాంటాక్టులనూ ఫొటోలనూ కాల్ వివరాలనూ ముట్టుకోకూడదు. డబ్బు నేరుగా రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ ఖాతా నుంచే రావాలి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక కాగితం మీద ముందే చూపించాలి. గుర్తింపు పొందిన సంస్థల యాప్‌ల జాబితాను 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లోనే పెట్టింది. కానీ దొంగ యాప్ నడిపేవాడు రిజర్వు బ్యాంకు ఆదేశం చదివి మారడు. ఆ జాబితా చూసుకోవాల్సిన భారం అప్పు తీసుకునేవాడి మీదే పడింది, అదీ ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నప్పుడు. అందుకే ఇంట్లో చదువుకున్న పిల్లలకు ఒక మాట చెప్పదలచుకున్నాం. ఫోను చేతిలో ఉన్నది మీకే. అమ్మకో నాన్నకో అవసరం పడక ముందే ఆ జాబితా ఒకసారి తెరిచి చూడండి. కాంటాక్టులకు అనుమతి అడిగిన అప్పు యాప్‌ను, అది ఎంత పేరున్నదిగా కనిపించినా, అక్కడికక్కడే తీసేయండి.

ఇంతవరకు చెప్పింది మొదటి అప్పు గురించి. ఇల్లు కూలేది చాలావరకు మొదటి అప్పుతో కాదు, దాన్ని తీర్చడానికి చేసిన రెండోదానితో. ఆసుపత్రి బాకీ కోసం డైలీ ఫైనాన్స్, డైలీ కట్టడానికి వారం వాయిదాల గ్రూపు లోను, గ్రూపు వాయిదా కోసం యాప్, యాప్ వాళ్ల ఫోన్ల బాధ పడలేక పుస్తెలతాడు. ఒక్కో మెట్టు దిగిన రోజు ఆ ఇంట్లో ఊపిరి పీల్చుకున్నట్టే ఉంటుంది. 'ఈ నెలకు గండం గడిచింది' అంటారు. నిజానికి ఒక్క రూపాయి కూడా తీరలేదు. బాకీ ఒక చేతి నుంచి మరో చేతికి మారింది, మారిన ప్రతిసారీ కొంచెం లావెక్కింది. ఎక్కువ ఊపిరాడించే అప్పే ఎక్కువ ప్రమాదకరమైనది. పాత వాయిదా కట్టడానికి కొత్త చోట సంతకం పెడుతున్నామని తెలిసిన క్షణం ఆగి చూడాల్సిన క్షణం. అక్కడ పాత అప్పిచ్చినవాడి దగ్గరికి వెళ్లి గడువు అడగడం తలవంపుగా అనిపిస్తుంది. కానీ కొత్త అప్పు చేయడం కంటే ఆ తలవంపు ఎంతో చవక.

అప్పును డబ్బుతోనే తీరుస్తామన్న హామీ కూడా లేదు. పాలమూరు నుంచి వలస పోయిన కూలీల కథలు ఈ తరం మరిచిపోకూడదు. ఇంట్లో చావో జబ్బో వస్తే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టడం, ఆ అడ్వాన్సు తీరేదాకా అతను తీసుకెళ్లిన చోట ఆనకట్టల మీద, కాలువల మీద మట్టి మోయడం. ఆ పనికి కూలి ఎంతో నిర్ణయించేదీ అతనే, బాకీ ఎంత మిగిలిందో చెప్పేదీ అతనే. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం 1976లోనే వచ్చింది. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం ఆ చట్టం ప్రకారం నేరం, ఆ బాకీ చెల్లదు. ఇటుక బట్టీల్లో ఈ తీరు నేటికీ కనిపిస్తోంది.

సూక్ష్మరుణాల చరిత్ర ఇక్కడ ఒకసారి నెమరువేసుకోవాలి, ఎందుకంటే దాని దెబ్బ తగిలిన నేల మనదే. 2006లోనే కృష్ణా జిల్లాలో వసూళ్ల వేధింపులపై ఫిర్యాదులు వస్తే అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను సుమారు యాభై మూయించారు. హెచ్చరిక అప్పుడే వినిపించింది, ఎవరూ వినలేదు. 2010 ఆగస్టులో ఒక పెద్ద సంస్థ షేర్ మార్కెట్లో అడుగుపెట్టి కోట్లు సమీకరించింది. రెండు నెలలు తిరక్కుండానే అక్టోబరు 15న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఒకే మహిళకు నాలుగైదు సంస్థలు పోటీలు పడి అప్పులివ్వడం, వారం వారం సెంటర్ మీటింగులో ఒకరు కట్టకపోతే మిగతా సభ్యులను ఆమె ఇంటి మీదికి పంపడం, ఆత్మహత్యల వార్తలు. అవే ఆ ఆర్డినెన్స్‌కు దారి తీశాయి. జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలని, వసూళ్లు పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలని, వారం బదులు నెల వాయిదాలుండాలని అది ఆదేశించింది. తర్వాత వసూళ్లు కుప్పకూలాయి, సంస్థలు అప్పులివ్వడమే మానేశాయి.

వేధింపులు ఆగడం అవసరమే, ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ సక్రమంగా అప్పిచ్చే దారి మూసుకుపోతే అవసరం ఆగదు. జ్వరం ఆర్డినెన్స్ చూసి రాకుండా ఉండదు. ఆ ఆడవాళ్లు మళ్లీ ఊళ్లోని వడ్డీ వ్యాపారి దగ్గరికే నడిచారు. ఈ రెండు పాఠాలనూ కలిపి చదవాలి. ఒక్కటే చదివిన ప్రభుత్వాలు ప్రతిసారీ పొరపాటు చేశాయి.

ఇప్పుడు సూక్ష్మరుణాలకు రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నియమాలు అమల్లో ఉన్నాయి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే ఈ రుణాలకు తాకట్టు అడగకూడదు. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలనెలా కట్టేది నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. బంధువులను, తోటి పనివాళ్లను వేధించకూడదు, పేర్లు బయటపెట్టి పరువు తీయకూడదు. ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. వడ్డీకి మాత్రం పరిమితి లేదు, దాన్ని సంస్థలకే వదిలేశారు. ఆ ఒక్క వదులు మిగిలిన కట్టుబాట్లన్నిటినీ పలుచన చేస్తోందని మా అభిప్రాయం. ఇక ఆదాయంలో సగం అన్న గీత కూడా కాగితం మీదే నిలుస్తోంది. ఎందుకంటే ఊళ్లో నోటు మీద తెచ్చిన అప్పు ఏ క్రెడిట్ రిపోర్టులోనూ కనిపించదు. పక్కింటామె కోసం ఒకామె తన పేరు మీద ఎత్తిచ్చిన గ్రూపు లోను మాత్రం కనిపిస్తుంది, కట్టాల్సినదీ ఈమే అవుతుంది. చిన్న మొహమాటంతో పెట్టిన సంతకాలు ఇలా ఎన్ని కాపురాలను కలతపెట్టాయో ఊరికొక ఉదాహరణ దొరుకుతుంది. 2025 ఫిబ్రవరిలో పొరుగున కర్ణాటక కూడా బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చిందంటే పదిహేనేళ్ల కిందటి గాయం మానలేదనే అర్థం.

సంతకం మాట వచ్చింది కాబట్టి రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. ఎంత ఆపదైనా ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వకండి. 'ఊరికే భద్రత కోసం' అంటారు. సొంతంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు కూడా బాకీ ఉన్నట్టు రుజువు కిందికే వస్తుందని, కాదని నిరూపించాల్సింది ఇచ్చినవాడేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ముప్పై వేలకు ఇచ్చిన చెక్కు మీద మూడు లక్షలని రాసి బ్యాంకులో వేస్తే, చెక్కు బౌన్స్ కేసులో రెండేళ్ల దాకా జైలు పడే అవకాశం ఉంది. ఇక ప్రామిసరీ నోటులో అంకె, అక్షరాలు, తేదీ, వడ్డీ మీ కళ్ల ముందే రాయించండి. ఫోనులో ఫొటో తీసుకోండి. కట్టిన ప్రతి పైసాకూ నోటు వెనక చెల్లు రాయించండి, దానికీ ఫొటో ఉంచుకోండి. ఆ చెల్లు మీద మీరు సంతకం చేస్తే నోటు గడువు మళ్లీ మూడేళ్లు పొడుగవుతుందని కూడా తెలిసే చేయండి. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్న చట్టం తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలం నుంచీ ఉంది. 1349 ఫసలీ చట్టం అంటారు దాన్ని. మితిమీరిన వడ్డీ ఉన్న అప్పు లెక్కను తిరగదోడే అధికారం కోర్టులకు ఇస్తూ 1918లోనే చట్టం వచ్చింది. చట్టాలకు కరువు లేదు. అవి ఉన్నాయని చెప్పేవాళ్లు ఆ వేళకు పక్కన ఉండరు.

మరి ఆ రాత్రి ఏం చేయాలి? మొదట చేయాల్సింది అప్పు మొత్తాన్ని తగ్గించడం. ఎంత అప్పు తప్పించుకోగలమో చూసుకోకుండానే ఎంత కావాలో అడగడం మొదలుపెడతాం. రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండానే చికిత్స పొందే హక్కు ఉంది. ఈ సంగతి తెలియక ప్రమాదం జరిగిన అర్ధరాత్రే నోట్లు రాసిచ్చేవారు ఉన్నారు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స చేయాలి, మిగతావన్నీ తర్వాతే అని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

జబ్బు అయితే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉంది, దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. క్యాష్ కౌంటర్ కంటే ముందు ఆ మిత్రను వెతకండి. జబ్బు పథకంలో ఉందో లేదో, లేకపోతే ఏ ఆసుపత్రికి వెళితే ఉంటుందో అడగండి. పేరు రాసి అడ్వాన్సు కట్టేశాక పథకంలోకి మారడం చాలా కష్టం. పథకంలో లేని ఖరీదైన చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. తెలంగాణలో నిమ్స్ లాంటి ఆసుపత్రులకు చికిత్సకు ముందే ఎల్‌ఓసీ అనే హామీ పత్రం ఇస్తారు. నెలకు 21 వేల లోపు జీతమున్న సెక్యూరిటీ గార్డు, ఫ్యాక్టరీ కార్మికుడు, ఆసుపత్రి స్వీపరు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తే వైద్యంతో పాటు జబ్బు సెలవుల్లో 70 శాతం వేతనం ఏడాదికి 91 రోజుల వరకు అందుతుంది. పీఎఫ్ ఖాతా ఉంటే ఉద్యోగం మానకుండానే వైద్యానికి అడ్వాన్సు తీసుకోవచ్చు. జీతం చీటీ మీద నెలనెలా కోత పడుతున్నా దాని వెనుక తనకు దక్కాల్సింది ఏమిటో తెలియని కార్మికులు మన చుట్టూ ఎందరో.

అప్పు తప్పదనుకున్నప్పుడు పొదుపు సంఘం గడపే మొదటిది కావాలి. తొంభైలలో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచిన రోజుల నుంచి ఈ నేల మీద పాతుకున్న సంఘాలు అవి. సంఘం పొదుపులోంచే ఇచ్చే అంతర్గత అప్పుకు నోటూ చెక్కూ అక్కర్లేదు. అత్యవసరానికి రెండు రోజుల్లో డబ్బు అందించాలన్న ఉద్దేశంతోనే 2011లో స్త్రీనిధి అనే రుణ సంస్థ పుట్టింది. ఆ తర్వాత బంగారం. గురివింద గింజంత బంగారం ఉన్నా వీధి చివర సేఠ్ దగ్గరికి కాకుండా బ్యాంకుకో సహకార సంఘానికో వెళితే వడ్డీ సగానికి సగం తగ్గుతుంది. బంగారం తూకం, విలువ, వడ్డీ రాసిన రసీదు తెలుగులో అడగండి. అర్థమయ్యే భాషలో వివరాల కాగితం ఇవ్వడం అప్పిచ్చే సంస్థ బాధ్యత, మన మీద దయ చూపడం కాదు. చిట్టీ ఉంటే పాట తగ్గించి ఎత్తుకోవడం మరో దారి. అందులో పోగొట్టుకున్నదీ వడ్డీయే, కాకపోతే అది ఒక్కసారితో ఆగుతుంది.

చేబదులు అనే మాట మన భాషలో ఉంది. వడ్డీ లేకుండా, నోటు లేకుండా, మాట మీద ఇచ్చిపుచ్చుకునేది. ఒక్కరి దగ్గర నలభై వేలు పుట్టవు. కానీ ఎనిమిది మంది దగ్గర అయిదేసి వేలు పుట్టవచ్చు. అడగడానికి నోరు రాక ఒక్కడి దగ్గరే అయిదు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లను చూశాం. సొంతవాళ్ల ముందు తగ్గలేక బయటివాడి కాళ్ల దగ్గర కూర్చోవడం మన బంధుత్వాలకే మచ్చ. ఇవ్వగలిగిన స్థితిలో ఉన్న పాఠకులు కూడా ఇది ఆలోచించాలి. మీ ఇంట్లో పనిచేసే ఆమె అయిదు వేలు అడిగినప్పుడు మీరు 'చూద్దాంలే' అంటే, ఆ సాయంత్రమే ఆమె ఎవరి దగ్గరికి వెళుతుందో మీకు తెలుసు.

ప్రభుత్వాల వైపు తిరిగితే చెప్పాల్సింది ఎక్కువే. బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ బకాయి ఖజానాకు పద్దు. ఆ చెల్లింపు ఆగిన ప్రతి రోజూ ఏదో ఇంట్లో అయిదు రూపాయల వడ్డీ నోటుగా మారుతుంది. ఆరోగ్య పథకం ఆగడమంటే వడ్డీ వ్యాపారానికి సీజన్ తెరవడమేనని ఆర్థిక శాఖ గుర్తించాలి. పథకంలో చేరే ముందు చేసే పరీక్షలకు, వెంట ఉన్నవాళ్ల తిండికి, పోయిన కూలికి ఏ కార్డూ ఆదుకోవడం లేదు. చిన్న అప్పులు మొదలయ్యేది అక్కడే. స్త్రీనిధి రెండు రోజుల్లో డబ్బు ఇవ్వాలనుకున్నది బాగుంది, కానీ ఆపద రెండు రోజులు ఆగదు. మండల సమాఖ్య స్థాయిలో పదో ఇరవయ్యో వేలు అదే రోజు ఇచ్చే ఆపద్ధనం ఒకటి ఉండాలి. పావలా వడ్డీ, సున్నా వడ్డీ అంటూ ఎన్నికల సభల్లో చప్పట్లు కొట్టించుకున్న నాయకులందరికీ ఇది చిన్న మొత్తమే. క్యాష్ కౌంటర్ పక్కనే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో, ప్రమాద బాధితులకు ఏ హక్కు ఉందో పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు పెట్టాలని ఆదేశించడానికి మాత్రం ఖజానాలో రూపాయి కూడా అక్కర్లేదు.

ఇప్పటికే ఉచ్చులో ఉన్నవారికి ఒక మాట. ఒక సాయంత్రం కూర్చుని ఎవరికెంత బాకీయో, ఎంత వడ్డీకో, ఇప్పటికి ఎంత కట్టారో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లోవాళ్లకు చూపించండి. చాలా ఇళ్లల్లో భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు, భార్య ఎత్తిన గ్రూపు లోను భర్తకు తెలియదు. దాచినన్నాళ్లూ ఆ అప్పు ఒక్కరి నెత్తి మీదే పెరుగుతుంది. యాప్ వాళ్లు బెదిరిస్తే మళ్లీ డబ్బు పంపకండి. మెసేజీలూ నంబర్లూ భద్రపరిచి 1930కి ఫోను చేయండి, స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. గుర్తింపు ఉన్న సంస్థ వేధిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నెలలో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇవేవీ చేయడానికి ఓపిక లేదు, ఇక బతకాలని లేదు అనిపించిన రాత్రి వస్తే 14416కు ఫోను చేయండి. టెలిమానస్ అనే ఆ సేవకు డబ్బు కట్టనక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. అవతలి మనిషి తెలుగులోనే మాట్లాడతారు.